బీరువా తలుపంత రిమోటు

మా అత్తకు పక్షవాతం వచ్చిన తర్వాత మా ఇంట్లో టీవీ నోరు మూసుకున్న పాపాన పోలేదు. ఆమెకు తోడుగా ఉంటుందని మేమే దాన్ని పొద్దున్నే పెట్టి, పడుకునే ముందు ఆపేవాళ్లం. నేను ముందు గదిలో మిషను వేసుకుని జీన్సు ప్యాంట్లకు జిప్పులూ నడుము పట్టీలూ కుట్టేదాన్ని. బళ్ళారిలో మా సందులో సగం మంది ఆడవాళ్ల పని అదే. జీన్సు కుట్టించే యూనిట్ వాళ్లు ప్యాంట్లు కట్టలు కట్టలుగా తెచ్చి పడేస్తారు, కుట్టినాక వచ్చి ఎత్తుకుపోతారు. మా ఆయన ఖనిజం లారీ నడుపుతాడు, ఇంటిపట్టున ఉండే రోజులు తక్కువ. నడిమింట్లో మంచం మీద అత్త, ఆ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మామ, ఇద్దరికీ ఎదురుగా టీవీ. పగలంతా అంతే.

మామ యశ్వంతనగర్ దగ్గర ఒక గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. మాట చాలా తక్కువ. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏళ్లు గడిచినా మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు "అన్నం పెట్టేదా మామా?", "ఊ", "నీళ్లొచ్చినాయి మామా", "ఆయ్తు, సరే". ఇంతకు మించి ఏమీ లేవు. ఆ లోటంతా అత్త ఒక్కతే పూడ్చేది. కూరగాయల బండి అతనితో, పక్కింటామెతో, గోడ మీద పిల్లితో, ఎవరూ లేకపోతే పొయ్యి మీద పాలతో మాట్లాడేది. అట్లాంటి మనిషికి ఒక పొద్దున కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట కూడా దాంతోనే పోయింది. "ఊ", "ఆ" తప్ప ఇంకో శబ్దం రాదు. ఎడమ చేయి ఆడుతుంది, కానీ దాని వేళ్లు కీళ్లవాతంతో అంతకు ముందే వంకర తిరిగి లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఆ చేత్తో ఆమె దేన్నీ పట్టుకోలేదు. పిడికిలితో తోయగలదు, అరచేతి మడమతో నొక్కగలదు. అంతే.

ఒక మధ్యాహ్నం నేను రాగి అంబలి తీసుకుని లోపలికి వెళ్లాను. టీవీలో కన్నడ వార్తలు గట్టిగా వస్తున్నాయి. మామ కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. ఆయన చేతిలో ఉండాల్సిన రిమోటు జారి మంచం అంచు మీద పడి ఉంది. అత్త దాని కోసం చేయి చాపుతోంది. నేను గడపలోనే ఆగిపోయాను. ఆమె పిడికిలితో దాన్ని తన వైపు లాక్కుంది, తిప్పింది, వేలి కణుపుతో ఒక చోట నొక్కబోయింది. రిమోటు బోర్లా పడింది. మళ్లీ తిప్పబోతే జారి కింద పడి, వెనక మూత ఊడి, సెల్లులు మంచం కిందికి దొర్లిపోయాయి.

ఆ చప్పుడుకు మామ ఉలిక్కిపడి లేచాడు. "ఏమైందే?" అంటూ వంగి సెల్లులు ఏరి, మూత పెట్టి, పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఒకటి రెండు బటన్లు నొక్కి, మళ్లీ ఆ వార్తలే పెట్టాడు. అత్త మొహం గోడకు తిప్పుకుంది. ఆమె కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి కూడా చేయి తేలేదు.

మామ అది చూశాడు. నా వైపు తిరిగి, "రిమోటు కావల్లనా ఏంది ఈయమ్మకు?" అన్నాడు.

"కావల్లేమో మామా. ఎప్పుడూ ఆయమ్మ చేతికి ఇయ్యనే లేదు కదా మనం."

ఆయన ఆ రిమోటును చేతిలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మా ఇంటికి టీవీ వచ్చినప్పటి నుంచీ అది ఆయన చేతిలోనే ఉండేది. ఎవరూ లాక్కున్నది లేదు, ఆయన ఎవరినీ వద్దన్నదీ లేదు. అత్తకు ఎప్పుడూ వంటింట్లో పని. వచ్చి కూర్చున్నప్పుడు ఏది నడుస్తుంటే అది చూసేది. మామ లేచి రిమోటును ఆమె ఎడమ అరచేతి కింద పెట్టి, "నొక్కు. నీకేం కావల్లో నొక్కు," అన్నాడు. ఆమె నొక్కింది. ఒకేసారి నాలుగు బటన్లు నొక్కుకుని తెర అంతా నీలంగా మారి ఏవేవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఆమె దాన్ని పక్కకు తోసేసింది.

మరుసటి రోజు పొద్దున నేను మిషను ముందు కూర్చోగానే మామ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయన నా గదిలోకి రావడమే అరుదు.

"పాపా, నీ కంటి చూపు బాగుండాదా?"

ఆయన నన్ను అడిగిన మొదటి అసలైన ప్రశ్న అదేనని నాకు అప్పుడే అనిపించింది. "సూదిలో దారం ఎక్కిస్తాను మామా," అన్నాను.

"అయితే రా."

నడిమింట్లో మంచం అంచున దినపత్రికలు పరిచి ఉన్నాయి. ఆయన అత్త ఎడమ చేతిని మెల్లగా ఎత్తి ఒక కాగితం మీద ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. ముడుచుకున్న వేళ్లతో ఆ చేయి గుండ్రంగా, పూరీ అంత వచ్చింది. "ఒక్కొక్క బటను ఇంత ఉండల్ల," అన్నాడు. తర్వాత చిన్న రిమోటును పక్కన పెట్టుకుని, చాక్‌పీసుతో నేల మీద వరసలు గీయడం మొదలుపెట్టాడు. నాలుగు నిలువు వరసలు. పైన ఎర్ర బటను, కింద అంకెలు, ఆ కింద చానెల్, శబ్దం, ఆ కింద రంగు రంగుల చిన్నవి. గీస్తూ గీస్తూ వెనక్కి జరిగి చివరికి గుమ్మం దాకా వచ్చాడు.

"ఇంత పెద్దది యాడ పెడతావు మామా?"

"ఆయమ్మ పక్కనే."

అప్పుడే వారానికోసారి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. చిన్న వయసు, నవ్వు మొహం. నేల మీద గీతలు తొక్కకుండా పక్కకు జరిగి, విషయం తెలుసుకుని ముచ్చటపడింది. "ఐడియా చెన్నాగిదె తాతా. కానీ ఇన్ని ఎందుకు? ఆన్, ఆఫ్, చానెల్, సౌండ్. నాలుగైదు బటన్లు పెడితే చాలు."

మామ చాక్‌పీసు కింద పెట్టాడు. "మీ ఇంట్లో రిమోటుకు ఎన్ని బటన్లు ఉండాయమ్మా?"

"చాలా ఉంటాయి. అన్నీ వాడతామా ఏమి?"

"వాడరు. కానీ ఉండాయి కదా. ఈయమ్మదానికి మాత్రం ఎందుకు తగ్గించల్ల?"

అత్త మంచం మీద నుంచి మామను చూస్తోంది. ఆ చూపు నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. ఆయన ఆ రోజే కొత్తగా ఆ ఇంటికి వచ్చిన మనిషైనట్టు చూస్తోంది.

అంత పెద్ద పలక ఎక్కడ దొరుకుతుందని నేను అడిగేలోపే ఆయన మా పడకగదిలో పాత చెక్క బీరువా తలుపు ఒకటి ఊడదీశాడు. రెండు రోజులకు మా ఆయన లారీ దిగి ఇంటికొచ్చి, చొక్కా కోసం బీరువా దగ్గరికి పోయి అక్కడే నిలబడిపోయాడు.

"ఏమే, తలుపు యాడ పోయినాది?"

"మీ నాయన రిమోటు చేస్తాండాడు."

"తలుపుతోనా?"

"తలుపంత."

ఆయన లోపలికి తొంగి చూసి, తండ్రి ఆ తలుపుకు రంధ్రాలు వేస్తుంటే కాసేపు నిలబడి, చొక్కా విప్పి పక్కన కూర్చుని తలుపు కదలకుండా పట్టుకున్నాడు.

సామాను కోసం మామా నేనూ ఆటోలో కౌల్ బజార్‌కు వెళ్లాం. అత్తను పక్కింటామె చూసుకుంటానంది. ఇరుకు సందులో, రేడియోలూ టీవీ విడిభాగాలూ అమ్మే పాత దుకాణం అది. గల్లా వెనక కూర్చున్న తెల్ల గడ్డం సాయిబుకు మామ కావలసినవి చెప్పాడు. ఆ చిన్న రిమోటు లాంటివే రెండు, సన్నని వైరు, సోల్డరింగ్ తీగ, కాలింగ్ బెల్ స్విచ్చులు. స్విచ్చులు ఎన్ని కావాలో విని సాయిబు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"క్యా సాబ్, అపార్ట్‌మెంట్ కడతాండావా?"

"లేదప్పా. ఒక మనిషికి."

"ఒక్క మనిషికి ఇన్ని బెల్లులా? ఎవరప్పా అంత పెద్ద మనిషి?"

మామ కొంచెం తటపటాయించాడు. ఎప్పుడూ 'ఇంట్లో' అనే అంటాడు, 'మా వాడి తల్లి' అంటాడు. ఆ రోజు మాత్రం, "నా భార్య," అన్నాడు. తర్వాత మెల్లగా జబ్బు గురించీ, చేతి గురించీ, రిమోటు కింద పడటం గురించీ చెప్పాడు. ఆయన ఒక కొత్త మనిషితో ఒకే దమ్మున అన్ని మాటలు మాట్లాడటం నాకు వింత. సాయిబు లేచి లోపలికి పోయి స్విచ్చుల డబ్బా మొత్తం తెచ్చాడు. ఒక్కొక్కటీ నొక్కి చూసి, గట్టిగా ఉన్నవి పక్కన పడేసి, మెత్తగా నొక్కుకునేవే ఏరి కట్టాడు. "బీబీ చేతికి నొప్పి కాకూడదు," అన్నాడు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. చిన్న రిమోటు విప్పితే పైన మెత్తటి రబ్బరు బటన్లు, కింద పచ్చని పలక, ఆ పలక మీద ఒక్కో బటను కింద ఒక్కో నల్లని చుక్క. బటను నొక్కితే రబ్బరు ఆ చుక్కను తాకుతుంది, దారి కలుస్తుంది, టీవీకి కబురు పోతుంది. మేము ఆ దారులన్నిటికీ వైర్లు అతికించి, ఆ వైర్లను తలుపు మీది పెద్ద స్విచ్చులకు కలపాలి. మామకు పని తెలుసు గాని, చూపు లేదు, చేయి వణుకుతుంది. నాకు చూపుంది, పని తెలీదు. ఆయన కుర్చీలో వంగి కూర్చుని చెప్పడం, నేను నేల మీద కూర్చుని చేయడం.

"ఆ నలుపు మీద సీసం అంటదు పాపా. బ్లేడుతో గీరు. ఎర్రగా రాగి కనపడల్ల."

"కనపడింది మామా."

"ఇప్పుడు సోల్డరింగ్ కడ్డీ కొన పెట్టు. పెట్టినావా? తీసేయ్. తీసేయ్, తీసేయ్!"

తీసేలోపే పలక మీది సన్నని రాగి గీత లేచి వచ్చేసింది. కాలిన వాసన. మొదటి రిమోటు అట్లా చచ్చింది. నాకు ఏడుపొచ్చింది. మామ మాత్రం, "రెండు తెచ్చింది అందుకే కదా," అని రెండోది తీసి నా ముందు పెట్టాడు.

రెండోదానికి నేను మిషను పని ముగించుకుని రోజూ సాయంత్రం వెలుగు ఉన్నంతసేపు కూర్చున్నాను. ఒక్క వైరు అతికించేలోపు ఆయన ఏదో ఒకటి చెప్పేవాడు. మొదట పని గురించే. తర్వాత తర్వాత గని గురించి. గని క్వార్టర్సులో ఉన్నప్పుడు ఇనుప ఖనిజం దుమ్ముకు బట్టలూ అన్నమూ పిల్లవాడూ అన్నీ ఎర్రగానే ఉండేవని, ఉతికిన చీర ఆరేలోపు మళ్లీ ఎర్రబడేదని. రాయి మోసే బెల్టు ఆగిపోతే ఆయనకు పిలుపు వచ్చేది. "పిలిచేవాడు వచ్చేలోపలే మీ అత్త నా చొక్కా, టిఫిను క్యారియరు గుమ్మంలో పెట్టేది. బెల్టు చప్పుడు ఆగిందంటే నేను పోవల్లని ఆయమ్మకు తెలుసు. నేను నిద్రలో ఉండేవాణ్ణి. ఆయమ్మ వింటా ఉండేది." కొంచెం ఆగి, "ఎప్పుడన్నా నిద్ర పోయినాదో లేదో నేను అడగలే," అన్నాడు.

నేను తలెత్తలేదు. వైరు మీదే చూపు పెట్టి, "ఇది పట్టుకుంది మామా, చూడు," అన్నాను.

బటన్ల పైభాగాలకు డబ్బా మూతలు వాడాం. సందులో వాళ్లంతా ఊరగాయ సీసాల మూతలు, పొడి డబ్బాల మూతలు తెచ్చిచ్చారు. స్విచ్చు మీద మూత అతికించి, మూత పక్కకు ఒరగకుండా కింద చుట్టూ స్పాంజి పెట్టాం. గట్టి ప్లాస్టిక్కు అత్త చేతికి గరుగ్గా ఉంటుందని వాటికి నేను నల్ల జీన్సు గుడ్డతో తొడుగులు కుట్టాను, తలకు టోపీ పెట్టినట్టు. పైనున్న దానికి ఎర్ర గుడ్డ. చిన్న రిమోటు మీద ఏ రంగు ఉంటే ఇక్కడ ఆ రంగు, అక్కడ ఏ గుర్తు ఉంటే ఇక్కడ ఆ గుర్తు. అంకెలు తెల్ల గుడ్డలో కత్తిరించి కుట్టాను.

ఈ పనంతా నడిమింట్లోనే, అత్త కళ్ల ముందే. ఆమె టీవీ చూడటం మానేసి మమ్మల్ని చూడటం మొదలుపెట్టింది. ఒక రోజు నేను తొడుగులన్నీ ఎక్కించి వెనక్కి వాలి చూసుకుంటుంటే ఆమె "ఊ! ఊ!" అని పిడికిలి ఊపింది. నీళ్లు కావాలేమోనని లేచాను. కాదు. దాహం కాదు, ఒంటేలుకూ కాదు. పిడికిలి తలుపు వైపే చూపిస్తోంది. మామ వంగి చూసి, ఆ ఇంటికి వచ్చాక నేను ఎన్నడూ వినని చప్పుడు చేశాడు. నవ్వాడు.

"పాపా, ఆరు ఉండాల్సిన తావులో తొమ్మిది పెట్టినావు. తొమ్మిది తావులో ఆరు ఉండాది."

నేను అత్త వైపు చూశాను. ఆమె మొహంలో ఎడమ సగం నవ్వుతోంది.

సెల్లుల దగ్గర మామ పట్టుబట్టాడు. చిన్న రిమోటువి పెట్టినా పనిచేస్తుంది గదా అంటే వినలేదు. "పెద్ద రిమోటుకు పెద్ద సెల్లులే," అని టార్చిలైటులో వేసే లావు సెల్లులు తెచ్చాడు. "వోల్టేజి రెండింట్లోనూ ఒకటే. ఇవైతే ఎక్కువ కాలం వస్తాయి," అన్నాడు. టీవీకి కబురు పంపే చిన్న గాజు బల్బును పొడుగు వైరుతో తలుపు పై అంచుకు బిగించాం. ఆ బల్బు వెలుతురు మన కంటికి కనపడదు. ఫోను కెమెరాలో చూస్తే మాత్రం ఊదారంగులో మిణుకుమంటుంది. మామ చెప్తే నేను నమ్మలేదు. ఆయన ఎర్ర మూత నొక్కుతుంటే నేను ఫోను పట్టుకుని చూశాను. నిజంగానే, కంది గింజంత వెలుతురు. ఫోను తీసుకెళ్లి అత్త మొహం ముందు పెట్టాను. ఆమె ఒకసారి ఫోనులో, ఒకసారి బల్బు వైపు, మళ్లీ ఫోనులో చూసింది. చాలాసేపు చూసింది.

తలుపును మంచం ఎడమ పక్క గోడకు కీలుతో బిగించి, గొలుసులతో ఏటవాలుగా వేలాడదీశాం. అన్నం పెట్టేటప్పుడు పైకి ఎత్తి కొక్కేనికి తగిలించవచ్చు. మొదటిరోజు ఒకటి నొక్కితే శబ్దం పెరిగింది, శబ్దం నొక్కితే రెండు వచ్చింది. వైర్లు ఎక్కడో తారుమారయ్యాయి. మళ్లీ దింపి, విప్పి, సరిచేశాం. అది పూర్తయిన రోజు మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పక్కింటామె కూడా వచ్చింది. టీవీలో ఎప్పటిలాగే వార్తలు అరుస్తున్నాయి. మామ అత్త వీపు కింద దిండ్లు ఎత్తుగా పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

"ఇంక నీ ఇష్టం," అన్నాడు.

ఆమె తలుపును పై నుంచి కింది దాకా చూసింది. ఏ సీరియలు పెడుతుందో, ఏ దేవుడి పాటలు పెడుతుందోనని మేమంతా చూస్తున్నాం. ఆమె ఊపిరి బిగబట్టి, ఎడమ భుజం లేపి, చేయి పైకి పైకి చాపి, అన్నిటికంటే పైనున్న ఎర్ర బటను మీద ఠపీమని ఒకటి వేసింది.

టీవీ ఆగిపోయింది.

"అయ్యో, తప్పు తగిలినాది," అని మామ గబగబా వచ్చి మళ్లీ పెట్టాడు. ఆమె మళ్లీ చేయి చాపింది. ఠప్. మళ్లీ ఆగిపోయింది. ఈసారి ఆమె సూటిగా మామ కళ్లలోకి చూసింది, సగం మొహంతో నవ్వింది. అప్పుడు గాని మాకు అర్థం కాలేదు. ఆమెకు కావలసింది నిశ్శబ్దం. ఇన్ని నెలలుగా పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ గోల ఆమె చెవిలో మోగుతూనే ఉంది. తోడు అనుకుని మేమే మోగించాం.

నడిమిల్లు అంత నిమ్మళంగా ఉండటం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. పక్కింటి కుక్కరు కూత వినిపించింది. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది. అత్త కళ్లు మూసుకుని అవన్నీ వింటోంది. మామ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ, తుడుస్తూ, వాకిట్లోకి వెళ్లిపోయాడు.

తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో టీవీయే లేదు. మామ వార్తలు లేక కష్టపడ్డాడు గాని నోరు తెరిచి అనలేదు. టీ అంగడికి పోయి పేపరు చదువుకుని వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం నేను మిషను తొక్కుతుంటే లోపల్నుంచి ఠప్, ఠప్ అని వినిపించింది. లేచి వెళ్లి చూస్తే అత్త టీవీ పెట్టుకుని ఒక్కో చానెలే దాటిస్తోంది. పాటలు దాటింది, వంటలు దాటింది, ఏడుపులు దాటింది. కబడ్డీ దగ్గర ఆగింది. ఆ రోజు సాయంత్రం దాకా కబడ్డీయే. ఒకడు కూతకు పోయి గీత దగ్గర దొరికిపోతే ఆమె "ఆ!" అని తలుపు చెక్క మీద గుద్దింది.

"మామా, అత్త చిన్నప్పుడు కబడ్డీ ఆడేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "తెలీదు పాపా. ఇన్నేండ్ల కాపురంలో ఆయమ్మకు ఏది ఇష్టమో నాకు తెలిసింది తక్కువ."

ఇప్పుడు తెలుసుకోవడానికి అడిగే వీల్లేదు. అడిగితే ఆమె "ఊ" అంటుంది, ఆడిందని అర్థమో, ఆట చూడనివ్వమని అర్థమో తెలియదు. మామ కూడా కుర్చీ దగ్గరికి లాక్కుని కబడ్డీ చూడటం నేర్చుకున్నాడు. వార్తలు చూడాలనిపిస్తే, "ఏమ్మే, ఒక్క ఐదు నిమిషాలు వార్తలు పెడతావా?" అని అడిగేవాడు. ఆమె ఆ కూత అయిపోయేదాకా ఆయన్ను కూర్చోబెట్టి, అప్పుడు ఒక్కో అంకే నొక్కి ఆయన చానెల్ పెట్టేది. ఆ నంబరు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎప్పుడు చూసి గుర్తు పెట్టుకుందో!

నన్ను పిలవడానికి కూడా ఆమెకు ఒక దారి దొరికింది. మిషను చప్పుడులో ఆమె "ఊ" నాకు వినపడేది కాదు. అందుకని టీవీ శబ్దం ఆకాశానికి పెంచేది. ఆ హోరు వినగానే నేను కాలు తీసి పరిగెత్తేదాన్ని. ఆమె నన్ను చూడగానే తగ్గించి, పక్క తిప్పమనో, నీళ్లిమ్మనో సైగ చేసేది. ఒక్కోసారి ఏమీ ఉండేది కాదు. ఊరికే రమ్మని. అట్లాంటప్పుడు నేను మంచం మీద కూర్చుని కాసేపు కబడ్డీ చూసి పోయేదాన్ని.

ఫిజియోథెరపీ అమ్మాయి ఆమె భుజం పట్టుకుని చూసి సంతోషపడింది. "అజ్జీ, ఎన్నిసార్లు చేయి ఎత్తమన్నా ఎత్తనివారు, ఇప్పుడు రోజంతా ఎత్తుతున్నారే!" అంది. తర్వాత మామ వైపు తిరిగి, "అన్ని బటన్లు ఉండటమే మంచిదైంది తాతా," అంది. మామ "ఊ" అన్నాడు. కుడి చేతికి మాత్రం ప్రాణం రాలేదు. అత్త దాన్ని ఎడమ చేత్తో ఎత్తి తలుపు మీద ఆనించి పెట్టుకునేది, పక్కన కూర్చోబెట్టుకున్నట్టు.

ఏడాది తిరగకముందే కేబుల్ అతను వచ్చి పాత బాక్సు తీసి కొత్తది పెట్టి, అరచేతిలో ఇమిడే కొత్త రిమోటు ఇచ్చి వెళ్లాడు. అతను వాకిలి దాటాక అత్త ఎర్ర బటను నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. వరసగా అన్నీ నొక్కింది. తర్వాత చేయి దించి మొహం గోడకు తిప్పుకుంది. నాకు ఆ మొదటి మధ్యాహ్నం కంటే అప్పుడు ఎక్కువ కష్టమనిపించింది. ఇచ్చింది లాక్కున్నట్టయింది.

మామకు అప్పుడే కంటి శుక్లం ఆపరేషను అయి ఉంది. ఒక కంటికి పచ్చ గుడ్డ, రెండో కంట్లో చుక్కల మందు. కుర్చీలో తల వెనక్కి వాల్చుకుని కూర్చునే, "నువ్వే చేయల్ల పాపా," అన్నాడు.

"నువ్వు చూడకుండా నేనెట్ల మామా?"

"నీకు తెలుసు. చేయి."

తలుపు దింపి అత్త పక్కలోనే మంచం మీద పెట్టుకున్నాను. కొత్త రిమోటు విప్పితే దాని దారులు వేరుగా ఉన్నాయి. బ్లేడుతో గీరి ఒక్కో దారీ ఎక్కడికి పోతోందో చూసుకుంటూ, నాలో నేనే పైకి చెప్పుకుంటూ చేశాను. నేను చెప్పేది విని మామ అప్పుడప్పుడు "హౌదు, అంతే" అనేవాడు, లేకపోతే "ఆగు, ఇంకోసారి చూడు" అనేవాడు. వైరు కదులుతుంటే నాకు మూడో చేయి కావాల్సి వచ్చింది. అత్త తన పిడికిలి తెచ్చి వైరు మీద బరువుగా పెట్టింది. సోల్డరు ఆరేదాకా కదపలేదు. తర్వాత తర్వాత నేను అడగకముందే, ఏ వైరు పట్టుకోవాలో చూసుకుని పెట్టేది. అన్నీ అయ్యాక నేను ఫోను కెమెరా బల్బు ముందు పట్టుకున్నాను. అత్త ఎర్ర బటను నొక్కింది.

కళ్లు మూసుకునే ఉన్న మామ అడిగాడు. "వెలిగినాదా?"

నేను జవాబు చెప్పేలోపే అత్త చెప్పింది. "ఊ."

ఈ మధ్య ఒక ఆదివారం యూనిట్ వాళ్లకు పెద్ద ఆర్డరు వచ్చింది. నాకు మిషను మీది నుంచి లేచే తీరిక దొరకలేదు. మధ్యాహ్నం కట్ట అప్పగించి, నడుము నొప్పితో వచ్చి అత్త మంచం పక్కన నేల మీద చాప వేసుకుని ఒరిగాను. కబడ్డీ జోరుగా నడుస్తోంది. కళ్లు మూతలు పడుతున్నాయి గాని ఆ కేకలకు నిద్ర పట్టడం లేదు. అంతలో నా తల దగ్గర, పైన, మెత్తగా ఒక చప్పుడు. ఠప్ కాదు, దానికంటే చాలా నెమ్మది. కేకలు ఒక మెట్టు దిగాయి. మళ్లీ ఆ చప్పుడు. ఇంకో మెట్టు. కనురెప్పల సందుల్లోంచి చూశాను. అత్త మంచం మీద ఒక పక్కకు వంగి, చేయి తలుపుకు గట్టిగా తగలకుండా, అరచేతిని గుడ్డ మూత మీద ఆనించి ఒక్కోసారే అదుముతోంది. నొక్కిన ప్రతిసారీ నా వైపు చూస్తోంది.

మామ కుర్చీలోంచి, "పాపా, కాఫీ ఏమన్నా..." అని మొదలుపెట్టాడు. అత్త ఆయన వైపు పిడికిలి ఎత్తింది. ఆయన ఆ మాట అక్కడే మింగేసి, లేచి, చెప్పులు లేకుండా వంటింట్లోకి నడిచాడు. గిన్నెలు తగిలిన చప్పుడు కూడా రాకుండా చాలాసేపు లోపలే ఏదో వెతుక్కున్నాడు. తెర మీద ఆటగాళ్లు శబ్దం లేకుండా పరిగెత్తుతున్నారు. అత్త ఇంకోసారి వంగి నన్ను చూసింది. నేను కళ్లు పూర్తిగా మూసుకున్నాను, ఆ తర్వాత నిజంగానే నిద్రపోయాను.